ఒహాయో స్టేట్ ఓడిన రాత్రి: విజయనగరంలో ఒక ప్రైవేటు థియేటర్ సేవపై సమీక్ష

పుట్టినరోజు వేడుకలకూ, ఇంటిల్లిపాదీ కలిసి సినిమా చూడటానికీ గంటల లెక్కన అద్దెకిచ్చే ప్రైవేటు థియేటర్లు విజయనగరంలో కూడా వచ్చాయి. రింగ్ రోడ్డు వైపు ఉన్న అటువంటి ఒక థియేటర్‌ను 2024 నవంబరు 30వ తేదీ రాత్రి, అమెరికాలోని ఒహాయో స్టేట్, మిషిగన్ విశ్వవిద్యాలయాల మధ్య కొలంబస్‌లో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటను ప్రత్యక్షంగా చూడటం కోసం మేము తీసుకున్నాం. మా ఒహాయో స్టేట్ 13-10 తేడాతో ఓడిపోయింది. ఆ బాధ ఇంకా తగ్గలేదు. అయినా ఓటమి మీది కోపాన్ని థియేటర్ మీద చూపించకుండా, థియేటర్ వల్ల కలిగిన ఇబ్బందిని ఓటమి బాధలో పడి వదిలేయకుండా, దేని సంగతి దానికే రాయాలని ప్రయత్నిస్తున్నాను. ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి థియేటర్ పేరు రాయడం లేదు.

నేను ఎం.ఎస్. చదివింది ఒహాయో స్టేట్‌లోనే. మిషిగన్‌తో ఆట అంటే అక్కడ ఏడాది మొత్తానికి ఒక్కటే రోజు. 1897లో మొదలైన ఈ పోటీ, కరోనా వల్ల ఆగిన 2020ని మినహాయిస్తే, 1918 నుంచి ఏటా జరుగుతూనే ఉంది. ఆట జరిగే వారంలో క్యాంపస్‌లోని బోర్డుల మీద ఇంగ్లీషు ‘ఎం’ అక్షరం ఎక్కడ కనిపించినా దాని మీద ఎర్ర టేపుతో కొట్టివేత గుర్తు పెడతారు. 2021, 2022, 2023లలో వరసగా మూడుసార్లు ఓడిన తరువాత, ఈసారి మా జట్టు పది విజయాలు, ఒకే ఒక్క ఓటమితో దేశంలో రెండో స్థానంలో నిలిచి బరిలోకి దిగింది. మిషిగన్ అప్పటికి ఆరు గెలిచి ఐదు ఓడింది, పైగా వాళ్ల మేటి ఆటగాళ్లలో ఇద్దరు ఆ రోజు ఆడలేదు. దాదాపు 20 పాయింట్ల తేడాతో మేమే గెలుస్తామని అక్కడి అంచనాలన్నీ చెప్పాయి. కొలంబస్‌లో మధ్యాహ్నం పన్నెండు గంటలకు మొదలయ్యే ఆట మనకు రాత్రి పదిన్నరకు వస్తుంది. ఆ వేళప్పుడు పిల్లలూ పెద్దలూ పడుకున్న ఇంట్లో పదిమంది చేరి కేకలు పెట్టలేరు కాబట్టే ఈ థియేటర్ అవసరం పడింది.

గది విషయంలో నాకు ఏ లోటూ కనిపించలేదు. పదిమంది కాళ్లు చాపుకొని కూర్చోగల సోఫాలు, గోడ నిండా తెర, బయటికి చప్పుడు పోని తలుపులు ఉన్నాయి. అంతకు ముందు వేడుక చేసుకున్నవారి ‘హ్యాపీ బర్త్‌డే’ దీపాల అక్షరాలు గోడకు అలాగే వెలుగుతూ, తెర ఎడమ అంచు మీద గులాబీ రంగు పడుతుంటే, చెప్పిన వెంటనే రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు వచ్చి వాటిని తీసేశాడు. ధ్వనిని సినిమాలకు తగ్గట్టు పెట్టి ఉంచడం వల్ల మొదట్లో బ్యాండు మోతలో వ్యాఖ్యాతల మాటలు మునిగిపోయాయి. ఆ సంగతి చెబితే అతను విసుక్కోకుండా రిమోట్ పట్టుకుని మా మధ్యే కూర్చొని, ఒక్కొక్క అమరిక మార్చి చూస్తూ, ‘ఇప్పుడు వినబడుతోందా అండీ’ అని అడుగుతూ, మాట స్పష్టంగా వినిపించేదాకా కదలలేదు. పని తెలిసిన, పని మీద శ్రద్ధ ఉన్న కుర్రాడు. యజమాని అతన్ని నిలుపుకోవాలి.

ఇక పెద్ద తెర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటను ఫోనులో చూస్తే బంతి ఎటు పోయిందో మాత్రమే తెలుస్తుంది, ఎందుకు పోలేదో తెలియదు. ఇక్కడ ఇరవై ఇద్దరు ఆటగాళ్లూ ఒకేసారి కనిపించారు, చొక్కాల మీది నంబర్లు వెనక వరస నుంచి కూడా చదవగలిగాం. మా ఓటమి ఎక్కడ జరిగిందో కూడా అంతే స్పష్టంగా కనిపించింది. అప్పుడు ఒహాయో స్టేట్‌కు జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్‌బూకా, కార్నెల్ టేట్ వంటి రిసీవర్లు, అంటే మైదానం అంచుల వైపు పరుగెత్తి విసిరిన బంతిని పట్టుకునేవాళ్లు, ఉన్నారు. స్మిత్ మొదటి సంవత్సరం విద్యార్థే అయినా, అతనికి బంతి అందిస్తే ఆపగలిగినవారు ఆ సీజన్‌లో దాదాపు లేరు. మరోవైపు, ప్రత్యర్థులను అడ్డుకుని దారి చేసే మా ముందు వరసలో ఇద్దరు ముఖ్యమైన ఆటగాళ్లు, సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్, లెఫ్ట్ ట్యాకిల్ జాష్ సిమన్స్, గాయాలతో సీజన్‌కే దూరమయ్యారు. మిషిగన్ బలమంతా వాళ్ల డిఫెన్స్ మధ్యలో నిలబడే మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్‌లది. అంటే మన బలం అంచుల్లో ఉంది, వాళ్ల బలం మధ్యలో ఉంది. ఇది తెలిసి కూడా కోచ్ రయాన్ డే బృందం బంతి విసరకుండా చేతబట్టి పరుగెత్తే పరుగు ఆటను పదేపదే ఆ మధ్యలోకే పంపింది. మొత్తం 26 పరుగు ప్రయత్నాలకు దక్కినవి 77 గజాలే.

మా మేనల్లుడు తన కాలేజీ జట్టులో కబడ్డీ ఆడతాడు. అమెరికా ఫుట్‌బాల్ చూడటం అతనికి కొత్త. నాలుగు క్వార్టర్ల ఆటలో రెండో క్వార్టర్ పూర్తికాక ముందే, ‘మావయ్యా, బలమైన డిఫెండర్లంతా మధ్యలో కాచుకుని ఉంటే రైడర్‌ని మూలకి పంపాలి గానీ మళ్లీ మళ్లీ వాళ్ల చేతుల్లోకే పంపుతారేంటి?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మూడేళ్లుగా ‘మీ జట్టు మెతక’ అనే మాట పడిన కోచ్‌లు, మెతక కాదని మిషిగన్‌కు నిరూపించే ప్రయత్నంలో, గెలవడానికి ఉన్న దగ్గరి దారిని వదులుకున్నారనే నేను గట్టిగా నమ్ముతున్నాను. నాకు బాధ కలిగించింది ఓడిపోవడం కన్నా, చేతిలో ఉన్నదాన్ని వాడకుండా ఓడిపోవడం.

మా ఆటను నడిపి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ రెండుసార్లు బంతిని ప్రత్యర్థుల చేతికిచ్చాడు. అందులో మొదటిది మా గోల్ గీతకు రెండు గజాల దూరంలోనే దొరకడంతో మిషిగన్‌కు కష్టపడకుండానే టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) వచ్చింది. స్మిత్ పది గజాల టచ్‌డౌన్ పట్టి విరామానికి ముందు 10-10 చేసినప్పుడు మా గది మొత్తం లేచి నిలబడింది. ఆ తరువాత మా జట్టుకు ఒక్క పాయింటూ రాలేదు. 38 గజాల నుంచి ఒకటి, 34 గజాల నుంచి ఒకటి, రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే వచ్చే మూడు పాయింట్లు) తప్పిపోయాయి. అవతల మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ ఆట మొత్తంలో 62 గజాల పాస్‌లు మాత్రమే వేశాడు, అతను కూడా రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. వాటిలో ఒకదాన్ని మా డిఫెన్స్ ఆటగాడు జాక్ సాయర్ గోల్ గీత దగ్గర అందుకున్నాడు. అంతటి పోరాటం చేసిన మా డిఫెన్స్‌కు ఈ ఫలితం దక్కడం అన్యాయం.

ఇప్పుడు ఫిర్యాదు. స్కోరు ఇంకా 10-10గానే ఉంది, చివరి క్వార్టర్ నడుస్తోంది, అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర అయింది. గదిలో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, తెర వెలవెలబోయింది. కుర్రాడు తలుపు తీసి, ‘సార్, మీ స్లాట్ అయిపోయిందండి’ అన్నాడు. ఈ ఆటకు సుమారు మూడున్నర గంటలు పడుతుందని, ఆలస్యమైతే నాలుగు గంటలు కూడా కావచ్చని, అదనపు సమయానికి అదనపు సొమ్ము ఇస్తామని బుక్ చేసేటప్పుడే ఫోనులో వివరంగా చెప్పాం, సరేనన్నారు. ఆ మాట రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడికి చేరలేదు, అతని కాగితంలో మూడు గంటలే రాసి ఉంది. అతను యజమానిని నిద్రలేపి మాట్లాడి, అనుమతి తీసుకుని దీపాలు ఆర్పేలోగా ఆటలో కొన్ని ఘట్టాలు సరిగా చూడకుండానే గడిచిపోయాయి. సినిమాకు మూడు గంటల స్లాట్ చాలు. ప్రత్యక్ష క్రీడకు చాలదు. ఈ రెండింటికీ బుకింగ్ విధానం వేరుగా ఉండాలి, ఫోనులో ఒప్పుకున్నది కాగితం మీదికి ఎక్కాలి. ఆ రాత్రి మమ్మల్ని క్షమాపణ అడిగింది తప్పేమీ లేని ఆ కుర్రాడు. అడగవలసిన యజమాని ఇంతవరకు ఫోను చేయలేదు.

దీపాలు ఆరిన తరువాత చూసింది మాకు మరింత కష్టంగా తోచింది. మూడో డౌన్‌లో (పది గజాలు ముందుకు సాగడానికి ఇచ్చే నాలుగు అవకాశాల్లో మూడోదానిలో) ఇంకా ఆరు గజాలు కావలసిన చోట, బంతి పట్టుకుని పరుగెత్తే మిషిగన్ రన్నింగ్ బ్యాక్ కలెల్ మల్లింగ్స్ ఇద్దరు ముగ్గురిని విదిలించుకుని 27 గజాలు పరుగెత్తాడు. ఆ రోజు అతను 32 సార్లు బంతి మోసి 116 గజాలు సంపాదించాడు. మేము చేయలేని పనిని, మా మైదానంలో, మా ఎదుటే చేసి చూపించాడు. సరిగ్గా 45 సెకన్లు మిగిలి ఉండగా 21 గజాల ఫీల్డ్ గోల్‌తో మిషిగన్ ముందుకు వెళ్లింది. ఆ గోల్ తెర మీద కనిపించే ముందే కొలంబస్‌లో ఉన్న స్నేహితుడి నుంచి వాట్సాప్‌లో ‘అయిపోయింది’ అని సందేశం వచ్చేసింది. ఇది థియేటర్ లోపం కాదు, ఇంటర్నెట్ ద్వారా వచ్చే ప్రసారం అసలు ఆట కన్నా కొంత వెనకబడే ఉంటుంది. ఇలాంటి ఆట చూడటానికి వెళ్లేవారు ఫోన్లు ఆపి పక్కన పెట్టడం మంచిది.

ఆట ముగిశాక మిషిగన్ ఆటగాళ్లు మా మైదానం మధ్యలో జెండా పాతబోవడం, మావాళ్లు అడ్డుపడటం, తోపులాట, చివరికి పోలీసులు పెప్పర్ స్ప్రే వాడటం చూశాం. రెండు పక్షాలదీ తప్పే. రెండు విశ్వవిద్యాలయాలకూ చెరో లక్ష డాలర్ల జరిమానా పడటం సబబే. గెలిచినవారు జెండా పాతకపోయినా వాళ్ల గెలుపు తగ్గదు, ఓడినవారు కలబడినా స్కోరు మారదు.

తిండి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పాప్‌కార్న్ వేడిగా, తాజాగా ఉంది. అర్ధరాత్రి దాటాక యంత్రం టీ తప్ప మరేమీ దొరకలేదు, దానిలో చక్కెర మరీ ఎక్కువ. బయటి తిండికి అనుమతి ఉంది కాబట్టి పకోడీలు, ఫ్లాస్కులో అల్లం టీ వెంట తీసుకెళ్లవచ్చు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది. కార్లు నిలపడానికి చోటు ఉంది. ఏసీ గాలి వెనక వరస మీదికి సూటిగా కొడుతుంది, పెద్దవారిని మధ్య వరసలో కూర్చోబెట్టాలి. పదిమంది పంచుకుంటే అద్దె భారమనిపించలేదు, అదనపు అరగంటకు తీసుకున్న సొమ్ము కూడా న్యాయంగానే ఉంది.

దేశ విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో 2024 సీజన్ నుంచి 12 జట్లు ఆడతాయి. అక్టోబరులో ఒరెగాన్ చేతిలో 32-31 తేడాతో ఓడినది, ఇది, రెండు ఓటములున్నా మా జట్టుకు చోటు దక్కుతుందనే నా నమ్మకం. జట్ల ప్రకటన తేదీ 2024 డిసెంబరు 8. మా పేరు ఉంటే మళ్లీ ఇదే థియేటర్ తీసుకుంటాం, కానీ ఈసారి నాలుగున్నర గంటలకు, రసీదు మీద సమయం రాయించుకుని, ఆ రాత్రి ఇదే కుర్రాడు డ్యూటీలో ఉండేలా మాట్లాడుకుని.