కూచిపూడి మళ్ళీ మొదలుపెట్టాలంటే ఏది మేలు: పాత గురువు గారా, దగ్గర్లో క్లాసా, ఆన్‌లైనా, ఇంట్లోనేనా?

చిన్నప్పుడు నేర్చుకున్నా, ఉద్యోగంలో పడ్డాక ఆగిపోయింది, మళ్ళీ చేయాలనుంది కానీ ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి ప్రాణం ఉండట్లేదు, ఏం చేస్తే మేలక్కా అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. నేనూ కొన్నేళ్ళు గ్యాప్ ఇచ్చి పోయినేడాదే మళ్ళీ క్లాసులో చేరా, చేరే ముందు ఇవన్నీ తలా కొంచెం చూశా, కాబట్టి ఒక్కొక్కళ్ళకీ టైప్ చేసే బదులు ఒకేసారి రాసేస్తున్నా. అంతా హైదరాబాద్ లెక్కలో ఉంటుంది, విజయవాడ, వైజాగ్ వాళ్ళు దూరాలు తగ్గించుకుని చదువుకోండి.

అందరూ చెప్పేది "మూడ్ రావట్లేదు" అని. నా అనుభవంలో మూడ్ అనేది ఇంట్లో సోఫాలో కూర్చుంటే వచ్చేది కాదండీ, రెండో కాలం, అంటే అడుగుల వేగం రెట్టింపు చేయడం, మొదలయ్యాక ఎప్పుడో వస్తుంది. కాబట్టి చూడాల్సిందల్లా మూడ్ లేకపోయినా మనల్ని అర్ధమండలిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టుండే భంగిమలో, నిలబెట్టేది ఏది అని. నా వరకు అది ఒక్కదాని మీదే ఆధారపడి ఉంది, ఎదురుగా కూర్చుని తాళం వేసే మనిషి ఉన్నారా లేదా. ఫీజు, టైమింగులు, గురువు గారి పేరు ప్రఖ్యాతులు ఇవన్నీ ఆ తర్వాతే.

ఎందుకంటే క్లాసులో గురువు గారు చెక్క మీద కర్రతో కొడుతూ నోటితో జతి (త-క-ధి-మి లాంటి అక్షరాల వరస) చెప్తుంటారు కదా, ఆ కర్ర మన కాళ్ళని చూసి నడుస్తుంది. మనకి ఊపిరి అందట్లేదని తెలిస్తే కొంచెం నిదానిస్తారు, బద్ధకంగా వేస్తున్నామని కనిపెడితే కావాలనే బిగిస్తారు, ఎడమ కాలు మీద మళ్ళీ ఎడమ కాలే వేశామా, టక్కున ఆపేస్తారు. రికార్డింగుకి మనం కనపడం కదా, మనం తప్పినా అది వెళ్ళిపోతూనే ఉంటుంది, దాన్ని పట్టుకోలేక మనమే ఆపేసి ఫోన్ తీస్తాం, ఫోన్ తీశాక సంగతి మీకు తెలిసిందే. అదే మనిషి తాళం వేస్తుంటే మొదటి కాలంలో కట్టడుగు (అడుగుల్లో ఒకటి) వేస్తున్నప్పుడు ఆఫీసులో సోమవారం డెలివరీ గురించి ఆలోచిస్తూ ఉంటాం, రెండో కాలంలో మోకాళ్ళు గుర్తొస్తాయి, మూడో కాలానికి వచ్చేసరికి బుర్రలో ఇంక దేనికీ ఖాళీ ఉండదు. ఆ ఖాళీ లేకపోవడం కోసమే నేను వెళ్ళేది, నిజం చెప్పాలంటే.

ఆన్‌లైన్ సంగతి ఇక్కడే తేలిపోతుంది. లెక్క వేసి చూడండి. నిమిషానికి 80 దెబ్బల వేగంలో తాళం వేస్తే ఒక్కో దెబ్బకి ముప్పావు సెకను. మూడో కాలంలో ఆ ఒక్క దెబ్బలో త-క-ధి-మి నాలుగక్షరాలూ పడాలి, అంటే అక్షరానికి దాదాపు 0.19 సెకను. వీడియో కాల్‌లో గురువు గారి గొంతు మన దాకా వచ్చి, మన అడుగు మళ్ళీ ఆవిడకి కనిపించేసరికి అంత ఆలస్యం అవ్వడం చాలా మామూలు, నెట్ సరిగ్గా లేకపోతే ఇంకా ఎక్కువ. అంటే మనం తాళంలోనే వేస్తున్నా ఆవిడకి ఎప్పుడూ ఒక అక్షరం వెనకే కనిపిస్తాం. అందుకే చాలామంది టీచర్లు ముందే రికార్డు చేసిన ఆడియో మన దగ్గరే పెట్టించి, తాము చూస్తూ కూర్చుంటారు. అలా చేస్తే ఆలస్యం గొడవ తప్పుతుంది గానీ తాళం వేసే మనిషి కూడా తప్పుకున్నట్టే. పైగా ఈ కాల్ యాప్‌లు కర్ర చప్పుడుని అనవసరమైన శబ్దం అనుకుని నొక్కేస్తాయి, జూమ్ వాడేవాళ్ళు సెట్టింగుల్లోకి వెళ్ళి ఒరిజినల్ సౌండ్ ఆన్ చేసుకుంటే కాస్త నయం. ఫోన్ దగ్గర పెడితే పాదాలు కనపడవు, దూరం పెడితే కళ్ళు కనపడవు, అది ఇంకో తంటా.

అలాగని ఆన్‌లైన్ దండగ అనను. అభినయానికి బాగుంటుంది, ఒక్కళ్ళకే చెప్పే క్లాసైతే ఇంకా బాగుంటుంది, మొహం మొత్తం స్క్రీన్ మీదే ఉంటుంది కాబట్టి దృష్టి ఎక్కడ పోతోందో బ్యాచ్‌లో కంటే బాగా పట్టుకుంటారు. నైట్ షిఫ్టు వాళ్ళకి, ఇంట్లో పసిపిల్లలున్న వాళ్ళకి వేరే దారి లేదు. అమెరికాలో డాలస్, బే ఏరియా లాంటి చోట్ల లోకల్ క్లాసులే దండిగా ఉన్నాయి, వాళ్ళు అక్కడే చూసుకోవడం మంచిది, కానీ చుట్టుపక్కల ఎవరూ లేని చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇదే ఆధారం. మనకి పొద్దున 6:30 అంటే సెంట్రల్ టైమ్‌లో ముందురోజు రాత్రి, ఎండాకాలం 8, చలికాలం 7, ఇద్దరికీ కుదిరే టైమే.

ఇంట్లో సొంతంగా చేసుకోవడం చూడటానికి అన్నిటికంటే తేలిక, ప్రయాణం లేదు, ఫీజు లేదు, మనిష్టం. కానీ అపార్ట్‌మెంట్‌లో టైల్స్ మీద, కింద సిమెంటు శ్లాబు, పాదం గట్టిగా తడితే ఆ దెబ్బ నేల తీసుకోదు, మడమ నుంచి మోకాలి దాకా మనకే తిరిగొస్తుంది. పన్నెండేళ్ళప్పుడు తట్టుకున్న కాళ్ళు, రోజంతా కుర్చీలో కూర్చున్న కాళ్ళు ఒకటి కావు కదా. యోగా మ్యాట్ వేసుకుంటా అంటారు, వద్దు, చుట్టు తిరిగేటప్పుడు పాదం మ్యాట్‌కి పట్టేసుకుని మోకాలు ఒక్కటే తిరుగుతుంది. ఇంక కింద ఫ్లాట్ అంకుల్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో చేయాల్సింది చప్పుడు లేని పని: చేత్తో ఆది తాళం వేస్తూ జతులు నోటితో మూడు కాలాల్లో చెప్పడం, హస్తాలు (చేతి ముద్రలు), మెడ, కళ్ళు, గోడకి వీపు ఆనించి అర్ధమండలిలో నిలబడటం. కుక్కర్ మూడు కూతలు వేసేలోపు అయిపోయే పనులు. ఇవి చేసినవాళ్ళకి క్లాసులో సగం పని తగ్గుతుంది, ఇవి మాత్రమే చేసినవాళ్ళు కొన్నాళ్ళకి ఇవీ మానేస్తారు, నేను చూసినంతలో.

మిగిలింది అసలు పోటీ, పాత గురువు గారా, దగ్గర్లో ఉన్న కొత్త క్లాసా. ఇద్దరి దగ్గరా తాళం వేసే మనిషి ఉన్నారు, కాబట్టి తేల్చడం కష్టమే.

పాత గురువు గారి దగ్గర చెప్పకుండానే అన్నీ తెలుస్తాయి. మన కుడి భుజం పైకి లేస్తుందని ఆవిడకి అప్పటి నుంచీ తెలుసు. బాణీ, అంటే ఆడే శైలి, మారదు. ఇది చిన్న విషయం కాదు, మనలో చాలామంది నేర్చుకున్న అడుగుల వరస వెంపటి చినసత్యం గారి బాణీది, ఆయన 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎంతోమందిని తయారుచేశారు, వాళ్ళ శిష్యులూ ప్రశిష్యులే ఇప్పుడు ఊరూరా చెప్తున్నారు. అయినా ఒకే బాణీలో కూడా గురువుకో పద్ధతి ఉంటుంది. ఒంటడుగు, పక్కనాటు, కుప్పి అడుగు అని పేర్లు అవే ఉన్నా చెయ్యి ఎక్కడ మొదలవ్వాలో, మొండెం ఎంత వంగాలో కొత్త చోట కొంచెం వేరేగా చెప్తారు, మన ఒళ్ళేమో పాతదే చేస్తుంది, మొదట్లో చిరాకొస్తుంది.

కానీ దూరం. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకుంటూ చిక్కడపల్లిలో క్లాసుకి వెళ్ళడం అంటే రాయదుర్గంలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, క్లాసులో ఆడి, మళ్ళీ అంతే దూరం వెనక్కి, శనివారం పూట సగం అక్కడే పోతుంది. ఆరోగ్యం బాగున్న వారం వెళ్తాం, ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం మానేస్తాం, రెండు వారాలు మానేశాక ఆవిడకి మొహం చూపించలేక మూడో వారం కూడా మానేస్తాం. ఇంకొకటుంది, చాలామంది బయటికి అనరు. పాత గురువు గారికి మనం బాగా చేసిన రోజులు గుర్తుంటాయి. ఆవిడ ఏమీ అనకపోయినా ఆ కళ్ళతో మనల్ని మనం చూసుకుంటూ ఉంటాం. కొత్త క్లాసులో మనం అప్పట్లో ఎంత బాగా చేసేవాళ్ళమో ఎవడికీ తెలీదు, హాయి. నా ఓటు అందుకే దగ్గర్లో ఉన్న క్లాసుకి, గురువు గారికి అంత పేరు లేకపోయినా సరే. పాత గురువు గారి దగ్గరికి పండగలకి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తున్నా, ఆవిడ కూడా సంతోషంగానే ఉన్నారు.

చేరే ముందు మాత్రం ఒక క్లాసు కూర్చుని చూడండి. పెద్దవాళ్ళకి విడిగా బ్యాచ్ ఉందా, లేక మూడో తరగతి పిల్లల వెనక వరసలో నిలబెడతారా. తాళం కర్రతో వేస్తున్నారా, బ్లూటూత్ స్పీకర్లో పెట్టి వదిలేస్తున్నారా. రెండోదైతే ఇంటికి రావచ్చు, అది ఇంట్లోనూ ఉంది. మొదటి నెలల్లో ఏం చెప్తారో కూడా అడగండి. పెద్దవాళ్ళకి నెలల తరబడి ఒట్టి అడుగులే వేయిస్తే విసుగొచ్చి మానేస్తారు, అలాగని వెళ్ళగానే తరంగం (ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే నృత్యం) పళ్ళెం ఎక్కిస్తానంటే చీలమండ మీద ఆశ వదులుకోవాల్సిందే. సగం క్లాసు అడుగులు, సగం ఏదైనా చిన్న శబ్దం అనే నృత్యాంశమో కీర్తనో, ఇలా నడిపేవాళ్ళు దొరికితే వదలకండి. టైమ్ అయితే ఆదివారం పొద్దున్నే, వీక్‌డే సాయంత్రం బ్యాచ్ అంటే సరిగ్గా గజ్జె కట్టే టైమ్‌కే కాల్ వస్తుంది.

జుంబా ఏమంటారు అని అడిగారు కొందరు. చెమట పడుతుంది, మంచిదే, కూచిపూడి మాత్రం రాదు. రెండ్రోజుల వర్క్‌షాపులు అప్పటికే ప్రాక్టీసులో ఉన్నవాళ్ళకి. తెలుగు యూనివర్సిటీ సర్టిఫికెట్ పరీక్ష కడితే భయంతోనైనా చేస్తాం కదా అంటారా, కొందరికి పనిచేస్తుంది, ఆఫీసులో డెడ్‌లైన్లు చాలని నాలాంటి వాళ్ళకి కాదు.

మొదటి వారం పిక్కలు పట్టేసి మెట్లు దిగలేరు, అది మామూలే, నొప్పి మోకాలి కీలులో అయితే మాత్రం ఆపి డాక్టర్‌కి చూపించండి. గజ్జెలు వెంటనే అక్కర్లేదు. ప్రాక్టీసు చీర, జాకెట్టు, పైజామా మాత్రం ఇప్పుడే తీసి ఒకసారి వేసుకుని చూడండి, కుట్లు విప్పించాల్సి వస్తుంది, టైలర్ ఎలాగూ రెండు వారాలు తిప్పుతాడు.