వద్దనుకుంటూనే వదల్లేని వయసులో 14416 ఎంతవరకు ఆదుకుంటుంది?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ను (నంబరు 14416) ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్ల కోసమే అనుకుంటారు చాలామంది. కానీ ‘వీడు కూడా పోతే నన్నింకెవరు పట్టించుకుంటారు’ అనుకుంటూ ప్రేమించినవాడి తిట్లూ అనుమానాలూ భరిస్తున్న ఇంటర్ పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది. ఫోన్ చేసే పద్ధతి తెలిస్తే ఇంకా బాగా పనికొస్తుంది.

14416కి గానీ, 1800 891 4416కి గానీ ఏ వేళైనా చేయొచ్చు, డబ్బులు పడవు. తెలుగు ఎంచుకుంటే ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమనిపిస్తే సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో కలుపుతారు.

‘నాకు కాన్ఫిడెన్స్ తక్కువ’ అని మొదలుపెడితే మాటలు చదువు, పరీక్షల మీదికి మళ్లిపోవచ్చు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఎవరితో మాట్లాడొద్దన్నాడు, కాదంటే ఏం చేస్తాడని భయం, ఫొటోలు గానీ పాస్‌వర్డ్‌లు గానీ అతని దగ్గర ఉన్నాయా? ఈ మూడూ మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేస్తే సంభాషణ దారిలో పడుతుంది.

ఆత్మవిశ్వాసం లేకే ఆ పిల్ల అతనితో ఉండిపోతోందని పెద్దవాళ్లు అంటారు. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. ముందు స్నేహితులను ఒక్కొక్కరినే దూరం చేస్తాడు. ఆ తర్వాత ఆమె గురించి ఆమెకు వినిపించేది అతని మాటే. గొడవ, ఏడుపు, సారీ, రెండు రోజుల ప్రేమ, మళ్లీ గొడవ. ఆ రెండు రోజుల కోసమే మిగతావన్నీ ఓర్చుకుంటుంది. అలాంటి పిల్లతో ‘వదిలెయ్’ అంటే వదలదు, మన దగ్గర దాచడం మొదలుపెడుతుంది. ఇక్కడ మంచి కౌన్సెలింగ్ చిన్న నిర్ణయాలతో మొదలవుతుంది: మాటలు మానేసిన ఒక స్నేహితురాలికి మళ్లీ ఫోన్ చేయడం, ట్యూషన్ వేళ లొకేషన్ పంపకపోవడం. అయితే అతను కొడుతున్నా, బెదిరిస్తున్నా ఈ ‘కాదు’ ప్రయోగాలు చేయకూడదు. అప్పుడు ఇంట్లో నమ్మదగ్గ పెద్దవాళ్లు ఒకరికి తెలియాలి, ఆ తర్వాతే తెగతెంపులు. అదీ ఒంటరిగా కలిసి చెప్పడం కాదు.

కాల్ చేసే ముందు ఫోన్ చూసుకోవాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిస్తే, ఎప్పుడో ఫోన్ చేతికిచ్చినప్పుడు అతను స్కాన్ చేసుకున్న ల్యాప్‌టాప్ అక్కడ కనబడొచ్చు. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల్లో దానంతటదే ఆగుతుంది గానీ, గూగుల్ మ్యాప్స్‌లో పెట్టిన షేరింగ్ ఆపేదాకా నడిచేలా కూడా ఉంటుంది. ఇవి ఉన్నట్టుండి తీసేస్తే అతను పసిగట్టి గొడవకు రావచ్చు కాబట్టి, ముందు కాల్ అమ్మ ఫోన్ నుంచో స్నేహితురాలి ఫోన్ నుంచో చేయడం క్షేమం. కాల్ లిస్టులో నంబరు మిగిలిపోతుందనీ మరచిపోవద్దు.

ఇక ఈ సర్వీసు చేయలేనివి. ఫొటోలను నెట్‌లోంచి తొలగించడం దీని పని కాదు, కేసూ పెట్టదు. పద్దెనిమిది నిండకముందు తీసిన నగ్న చిత్రాలతో బెదిరిస్తుంటే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సైటు ఉంది. ఫొటో ఫోన్ దాటి బయటికి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి చోట్ల ఆ గుర్తుతో పట్టుకుని తీసేస్తారు. ఫొటోను కత్తిరించినా, మార్చినా గుర్తు మారిపోవచ్చు కాబట్టి ఉన్న కాపీలన్నిటికీ విడివిడిగా చేయాలి. వాట్సాప్ చాట్‌లలో తిరిగేవాటికి ఇది సరిపోదు. బెదిరింపు మెసేజీలను చెరపకుండా స్క్రీన్‌షాట్ తీసి, తెలంగాణలోనైతే మహిళల భద్రత చూసే పోలీసు బృందాలైన షీ టీమ్స్‌కు, ఎక్కడివాళ్లయినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వొచ్చు.

ఒక విషయం పిల్లలకు ముందే చెప్పాలి, దాచి మోసం చేయకూడదు. పద్దెనిమిదేళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పాల్సిందేనని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. కౌన్సెలర్‌కూ అది వర్తిస్తుంది. ‘ఏది చెబితే రిపోర్ట్ చేస్తారు?’ అని కాల్ మొదట్లోనే అడగొచ్చు, అడగాలి. చెయ్యి చేసుకుంటున్నా, వెంటపడుతున్నా మాత్రం 14416 కోసం ఆగొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, అత్యవసర నంబరు 112కో వెంటనే చేయాలి.