వ్యక్తి కేంద్రిత కౌన్సెలింగ్ పేరుతో ఆన్‌లైన్ ప్యాకేజీలు: డబ్బు కట్టేముందు చదవండి

ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ కోసం వెతుకుతున్న వారికి ముందుగా ఒక మాట. ఎంత తగ్గింపు ఇస్తామన్నా ప్యాకేజీ మొత్తానికి ఒకేసారి డబ్బు కట్టకండి. ఒక్క సెషన్‌కు కట్టి, ఆ మనిషితో మాట్లాడి చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. విడిగా ఒక్క సెషన్ ఇవ్వం అని ఏ యాప్ అయినా చెబితే దాన్ని అక్కడితో వదిలేయండి.

నేను కొన్నది ఎనిమిది సెషన్ల ప్యాకేజీ, 9,600 రూపాయలు. అమ్మ పోయిన తర్వాత నాకు సరిగా నిద్ర పట్టేది కాదు. ఇంట్లో ఆ మాట ఎత్తితే అన్నయ్య లేచి వెళ్ళిపోతాడు, వదిన కళ్ళు తుడుచుకుంటుంది. మాట్లాడడానికి బయటి మనిషి కావాలనిపించింది. ఉద్యోగం బెంగళూరులో కావడం వల్ల తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ దగ్గర్లో దొరకలేదు. ఆ యాప్ ప్రకటనలో ‘మీ భాషలోనే’ అని ఉంది, ‘పర్సన్ సెంటర్డ్ కౌన్సెలింగ్’, అంటే వ్యక్తి కేంద్రిత కౌన్సెలింగ్ అని కూడా ఉంది. డబ్బు కట్టే పేజీలో తగ్గింపు ముగియడానికి ఎన్ని నిమిషాలు మిగిలాయో చూపిస్తూ గడియారం తిరుగుతోంది. మర్నాడు చూస్తే అదే తగ్గింపు, అదే గడియారం. లేని తొందరను ఇలా సృష్టించడాన్ని 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. దుఃఖంలో ఉన్న మనిషి ముందు అలాంటి గడియారం పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు.

వాళ్ళు అమ్మిన పద్ధతి మాత్రం మంచిదే. దాని పేరు చెడిపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940లలో దీనికి రూపం ఇచ్చారు. ఎక్కడ నొప్పి ఉందో, ఎటు వెళ్ళాలో ఆ మనిషికే బాగా తెలుస్తుందని, కౌన్సెలర్ పని దారి చూపడం కాదని, ఆ మనిషి తన దారి తాను వెతుక్కోగలిగే వాతావరణం కల్పించడమని ఆయన వాదన. మనిషిలో మార్పు రావడానికి ఏమేం ఉండాలో 1957లో రాసిన ఒక వ్యాసంలో వరసగా చెప్పారు. కౌన్సెలర్ నటించకూడదు. క్లయింట్‌ను షరతులు లేకుండా ఆదరించాలి. క్లయింట్ లోకాన్ని క్లయింట్ కళ్ళతో చూడగలగాలి. చాలామంది ఈ మూడింటి దగ్గరే ఆగిపోతారు. ఆ జాబితాలో ఇంకో మూడు ఉన్నాయి, వాటిలో రెండు నా అనుభవానికి కీలకం. ఇద్దరి మధ్య నిజమైన మానసిక సంబంధం ఏర్పడాలి. కౌన్సెలర్ చూపే ఆదరణ, అవగాహన క్లయింట్‌కు కొంతైనా అనుభవంలోకి రావాలి. అంటే, నేను శ్రద్ధగానే విన్నాను అని కౌన్సెలర్ తనలో తాను అనుకుంటే సరిపోదు.

నా మొదటి కౌన్సెలర్ కెమెరా ఆపేసి కూర్చుంది. నెట్‌వర్క్ బాగాలేదని మొదటిసారి చెప్పింది, తర్వాత అదీ చెప్పలేదు. నేను మాట్లాడుతుంటే అమ్మమ్మ చెప్పే కథకు పిల్లలు నిద్రమత్తులో ఊఁ కొట్టినట్టు ఊఁ కొట్టేది. మధ్యమధ్య ‘ఇంకా?’ అనేది. వెనకనుంచి కీబోర్డు చప్పుడు వినిపించేది. మీరేమీ అనడం లేదేమిటని అడిగితే, ఈ పద్ధతిలో మేం మాట్లాడం, మీరే మాట్లాడాలి అంది. కొత్తగా వచ్చేవారు సరిగ్గా ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే ఆ మాటలో సగం నిజం ఉంది.

ఈ పద్ధతిలో కౌన్సెలర్ తక్కువే మాట్లాడతారు. సలహాలివ్వరు, హోంవర్క్ ఇవ్వరు, మీకు ఫలానా రుగ్మత ఉందని పేరు పెట్టరు. ఏం మాట్లాడాలో మీరే మొదలుపెట్టాలి. నిమిషాల తరబడి మౌనం కూడా ఉండవచ్చు. మొదటి ఒకటి రెండు సెషన్లలో, ఈవిడ నాకేమీ చెప్పడం లేదే అనిపించడం మామూలే. అంతమాత్రాన మోసపోయామని అనుకోనక్కర్లేదు. చూడవలసింది ఆ మౌనం ఎలాంటిదని. శ్రద్ధగా వింటున్న మనిషి చివరికి నోరు విప్పినప్పుడు, మీరు చెప్పిందే మీకు ఇంకాస్త స్పష్టంగా తిరిగి వినిపిస్తుంది. మీరు కాదంటే, వెంటనే సర్దుకుని మీ మాట వెంట వస్తారు.

ఒక ఉదాహరణ చెబుతాను. అమ్మ చీరలున్న బీరువా నేను ఎవరినీ తెరవనివ్వడం లేదు. ఈ మాట ముగ్గురికి చెప్పాను. కెమెరా ఆపుకున్న మొదటి కౌన్సెలర్ ‘ఊఁ, ఇంకా?’ అంది. నాకు ఒక్క ముక్క చెప్పకుండా యాప్ వాళ్ళు ఆవిడ స్థానంలో ఇంకొకరిని పెట్టారు. ఆ రెండో ఆయనకు తెలుగు రాదు. మొదటినుంచి అంతా ఇంగ్లీషులో మళ్ళీ చెప్పుకోవలసి వచ్చింది. బీరువా సంగతి వినగానే, చీరలు ఏదైనా అనాథాశ్రమానికి ఇచ్చేయండి, మనసు తేలికపడుతుంది, వచ్చే సెషన్‌లోపు ఈ పని పూర్తి చేయండి అన్నారు. ఇప్పుడు నేను వెళుతున్న కౌన్సెలర్ హైదరాబాదులో ఉంటారు, వీడియోలోనే మాట్లాడతాం, సెషన్‌కు సెషన్ ఫీజు. ఆవిడ కాసేపు ఊరుకుని, ‘ఆ బీరువా తెరిస్తే అమ్మ ఇంకోసారి వెళ్ళిపోతుందేమోనని ఉంది మీకు’ అన్నారు. భయం కాదండీ, ఆ వాసన పోతుందని, అన్నాను నేను. ‘వాసన’ అన్నారు ఆవిడ, అంతే. ఆ తర్వాత నేను మాట్లాడినంత సేపు అంతకు ముందెన్నడూ మాట్లాడలేదు. ఆవిడ ఊహ మొదట తప్పింది, అయినా నష్టం లేదు, ఎందుకంటే సరిదిద్దే చోటు నాకు వదిలారు.

అసలైన అన్యాయం వేరే ఉంది. రెండో ఆయనతో ఇక మాట్లాడదలచుకోలేదని యాప్‌లో రాశాను. మర్నాడు అమ్మకాల విభాగంనుంచి ఫోను. ‘మేడమ్, మీ అమ్మగారి చీరల విషయం ఇంకా తేలలేదు కదా, ఇప్పుడే ఆపేస్తే ఎలా? సీనియర్ కౌన్సెలర్‌తో పన్నెండు సెషన్ల ప్యాకేజీ ఉంది’ అంది అవతలి అమ్మాయి. నాకు చేతులు చల్లబడ్డాయి. అన్నయ్యకు కూడా చెప్పని సంగతి అది. సెషన్ నోట్సు కస్టమర్ వివరాల పక్కనే ఉంటాయనీ, మేం చూడగలమనీ అడిగితే ఆ అమ్మాయే చెప్పింది. ఆ పిల్లను తప్పుపట్టను. ఎవరికి ఏం కనిపించాలో నిర్ణయించినవారిది తప్పు.

కౌన్సెలర్ నోట్సు రాసుకోవడంలో గాని, అనుమతి తీసుకుని సెషన్ రికార్డు చేయడంలో గాని దోషం లేదు. ఒక క్లయింట్‌తో జరిగిన సెషన్లన్నిటినీ రికార్డు చేసి, మాట పొల్లుపోకుండా 1942లో ప్రచురించింది రోజర్సే. నేర్చుకోవడానికి, నేర్పడానికి చేసిన పని అది. నా నోట్సు ఇంకో ప్యాకేజీ అమ్మడానికి వాడారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్, మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవారి వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత ఆరోగ్య సేవల నిపుణుల మీద పెట్టింది. నాలాగా ఏ వ్యాధీ నిర్ధారణ కాకుండా కౌన్సెలింగ్ యాప్‌లో చేరినవారి సంగతి వచ్చేసరికి, ఆ చట్టం మాకు వర్తించదని కంపెనీలు వాదించే వీలుంది. అందుకే చట్టం చూసుకుంటుందిలే అని నిశ్చింతగా ఉండవద్దు. నోట్సు ఎవరెవరు చూస్తారని చేరేముందే రాతపూర్వకంగా అడగండి.

ఇది మన దేశంలో చిన్న కంపెనీలకే పరిమితమైన జబ్బు కాదు. బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ తన వినియోగదారుల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి కంపెనీలకు ఇచ్చిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది. ఆ కేసు పరిష్కారానికి సంస్థ 78 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఫిన్లాండులో ‘వస్తామో’ (Vastaamo) అనే మానసిక చికిత్సా సంస్థ రికార్డులు దొంగల చేతిలో పడ్డాయి. 2020లో ఆ దొంగలు నేరుగా రోగులకే ఈమెయిళ్ళు రాసి, డబ్బివ్వకపోతే మీరు చెప్పుకున్నవన్నీ బయటపెడతామని బెదిరించారు.

ఇక మంచి కౌన్సెలర్ మొదటి సెషన్‌లో ఏం చేస్తారో చెబుతాను. ఇవి నాకు యాప్‌లో ఒక్కటీ జరగలేదు, హైదరాబాదు కౌన్సెలర్ దగ్గర అన్నీ జరిగాయి. ఆవిడ ముందుగా తన చదువు, శిక్షణ చెప్పారు. తన పనిని ఇంకో అనుభవజ్ఞురాలితో క్రమం తప్పకుండా చర్చించుకుంటానని, అప్పుడు నా పేరు బయటికి రాదని చెప్పారు. సెషన్ 50 నిమిషాలు, ఎన్ని గంటల ముందు చెబితే ఫీజు లేకుండా రద్దు చేసుకోవచ్చు, లైను తెగిపోతే ఎవరు ఎవరికి ఫోను చేయాలి, అన్నీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు, గదిలో ఇంకెవరైనా ఉన్నారా, అత్యవసరమైతే ఎవరికి ఫోను చేయమంటారు అని అడిగారు. ఆన్‌లైన్‌లో ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. అవతలి మనిషి ప్రమాదంలో ఉంటే కౌన్సెలర్ చేయి చాచి పట్టుకోలేరు కదా.

గోప్యతకు ఉన్న హద్దులు కూడా ఆవిడే చెప్పారు. ప్రాణానికి ముప్పు ఉందనిపించినా, కోర్టు ఆదేశించినా గోప్యత పాటించలేనన్నారు. పిల్లలపై లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలన్నారు. ‘అంతా నూటికి నూరు శాతం రహస్యం’ అని యాప్ ప్రకటనలో రాసుకుంటారు. ఆ మాట ఏ కౌన్సెలరూ నిజాయితీగా ఇవ్వలేరు. హద్దులు చెప్పిన మనిషినే నేను ఎక్కువ నమ్ముతాను.

అర్హతల విషయంలో మన దేశంలో పెద్ద ఖాళీ ఉంది. క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి దగ్గర నమోదు చేసుకోవాలి, వారికి రిజిస్టర్ నంబరు ఉంటుంది, మండలి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఇన్నాళ్ళూ అలాంటి నిబంధన లేదు. కౌన్సెలర్లు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చారు గాని, ఆచరణ ఇంకా పూర్తికాలేదు. కాబట్టి చదివింది మనస్తత్వశాస్త్రంలో ఎమ్మేనా, వారాంతపు సర్టిఫికెట్టా, శిక్షణలో నిజమైన క్లయింట్లతో ఎంత పని చేశారు అని నేరుగా అడగండి. అడిగితే నొచ్చుకునే మనిషి దగ్గర మీ దుఃఖం చెప్పుకోలేరు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు కూడా ఒక మాట. బ్రిటన్‌లో కౌన్సెలర్ అనే పేరుకు చట్టపరమైన రక్షణ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. అక్కడ కౌన్సెలర్ల సంఘాల రిజిస్టర్లలో పేరుందేమో చూడాలి. అమెరికాలో సాధారణంగా మీరుంటున్న రాష్ట్రపు లైసెన్సు ఉండాలి, హైదరాబాదులోని కౌన్సెలర్‌కు అది ఉండే అవకాశం చాలా తక్కువ.

తీవ్రమైన స్థితిలో ఉన్నవారికి ఈ పద్ధతి మొదటి మెట్టు కాదు. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే, లేదా రోజుల తరబడి తిండి, నిద్ర లేకుండా ఉంటే సైకియాట్రిస్టును చూడాలి. 14416 నంబరులో ప్రభుత్వపు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేను డబ్బు కట్టిన యాప్‌లో ఈ నంబరు ఎక్కడా లేదు.

డబ్బు సంగతి. మిగిలిన సెషన్ల సొమ్ము తిరిగి ఇవ్వమని రాశాను. నిబంధనల్లో ‘వాపసు లేదు’ అని ఉందని జవాబిచ్చారు. అలా రాసుకున్నంత మాత్రాన సేవా లోపం మాసిపోదు. తెలుగు కౌన్సెలర్ అని చెప్పి తెలుగు రాని మనిషిని ఇవ్వడం సేవా లోపమే. ముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పాను. అది తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఎక్కడున్నా మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, రెండేళ్ళ గడువు ఉంటుంది.

ఒక్కటి మాత్రం ఈ రోజే చేయండి. యాప్‌లో మీ చాట్లు, రసీదులు, కౌన్సెలర్ పేరు, భాష గురించి వాళ్ళు ఇచ్చిన హామీ, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి ఫోనులోనే కాకుండా వేరే చోట కూడా దాచుకోండి. వాపసు అడగడానికి ముందే ఈ పని అయిపోవాలి. నేను అడిగిన మర్నాడు నా ఖాతా మూసేశారు, చాట్లన్నీ దానితోపాటే పోయాయి. నా ఫిర్యాదుకు ఇప్పుడు ఆధారంగా నిలిచింది బ్యాంకు మెసేజీ, అమ్మకాల వాళ్ళు వాట్సాప్‌లో పంపిన పన్నెండు సెషన్ల ధరల పట్టిక.