ఎల్ఎం 2596 బక్ మాడ్యూల్: సిమ్ బోర్డుకు కరెంటు చాలాలంటే

నర్సంపేటలో నాది మోటర్ వైండింగ్ షాపు. “కరెంటు ఉందో లేదో చూసేందుకే బాయికాడికి పోవుడయితాంది” అని మా చిన్నాయన ఎప్పుడూ అంటుండేవాడు. ఆయన కోసం ఫోన్ కొడితే మోటర్ ఆన్, ఆఫ్ అయ్యే కంట్రోలర్ ఒకటి తయారు చేశాను. అందులో ఉన్నవి ప్రోగ్రాం నడిపే ఆర్డునో నానో అనే చిన్న బోర్డు, సిమ్ వేసి ఫోన్ నెట్‌వర్క్‌కు కలిపే సిమ్ 800ఎల్ బోర్డు, స్విచ్‌ల్లా పనిచేసే రెండు రిలేలు. వీటికి పవర్ ఇచ్చేవి హనుమకొండ చౌరస్తా దగ్గర కొన్న రెండు ఎల్ఎం 2596 బక్ మాడ్యూళ్లు, అంటే ఎక్కువ వోల్టేజీని తగ్గించి ఇచ్చే చిన్న బోర్డులు. ఒక్కొక్కటి వంద రూపాయల లోపే. షాపుకు వచ్చే డిప్లొమా పిల్లల ప్రాజెక్టులు ఎక్కువగా పవర్ దగ్గరే ఆగిపోతున్నాయి, అందుకే ఈ రివ్యూ.

సిమ్ 800ఎల్‌కు 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి. ఫోన్ చార్జర్ ఇచ్చే 5 వోల్టులు ఎక్కువ, ఆర్డునో 3.3 పిన్ తక్కువ. పైగా టవర్‌కు సిగ్నల్ పంపేటప్పుడు అది 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అదీ మిల్లీసెకనులో సగం సేపే కాబట్టి మల్టీమీటర్‌కు అందదు. మీటర్ 4.0 చూపిస్తూనే ఉంటుంది, బోర్డు మాత్రం రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది. బోర్డు మీది చిన్న ఎల్ఈడీని గమనించండి. సెకనుకోసారి మెరిస్తే నెట్‌వర్క్ వెతుకుతోంది, మూడు సెకన్లకోసారి మెరిస్తే దొరికింది. నాలుగైదుసార్లు మెరిసి ఆరిపోయి, మళ్లీ మొదటికి వస్తుంటే ముందు పవర్‌నే అనుమానించాలి. సిమ్ మాత్రం 2జీ ఉన్నదే వేయాలి, జియో పనిచేయదు.

ఈ మాడ్యూల్‌లో నాకు బాగా నచ్చింది నీలం ట్రిమ్‌పాట్ (వోల్టేజీని సర్దే చిన్న భాగం) మీద ఉండే ఇత్తడి స్క్రూ. 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, అవుట్‌పుట్‌కు మీటర్ తగిలించి తిప్పుతూ పోతే వోల్టేజీ కొంచెం కొంచెంగా మారుతుంది. కొత్త దానికి మొదట్లో చాలాసేపు ఏమీ మారనట్టే ఉంటుంది, ఓపికపట్టి ఎడమవైపు తిప్పాలి. 4.0 దగ్గర ఆపి, స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేస్తే కదలదు. ఇదంతా అయ్యాకే సిమ్ బోర్డు కలపాలి.

రెండో మాడ్యూల్‌ను 5 వోల్టులకు పెట్టి నానోకూ రిలేలకూ ఇచ్చాను. అదే 12 వోల్టులు నేరుగా నానోకు ఇచ్చి రిలేలను కూడా దాని మీదే నడిపితే, రెండు రిలేలు లాగే 150 మిల్లీఆంపియర్లకే దాని చిన్న రెగ్యులేటర్‌లో ఒక వాట్‌కు పైగా వేడి పుడుతుంది. బక్ మాడ్యూల్ స్విచింగ్ పద్ధతిలో, అంటే కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పనిచేస్తుంది కాబట్టి అంత వృథా లేదు.

వైర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. సన్న జంపర్ వైరు, బ్రెడ్‌బోర్డు రంధ్రాలు కలిపి 0.3 ఓమ్ ఉంటే చాలు, 2 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు అక్కడే పోతుంది. బయల్దేరిన 4.0లో సిమ్ బోర్డుకు చేరేది 3.4, సరిగ్గా ఆగిపోయే గీత. అందుకే మందపాటి వైరును పొట్టిగా కోసి నేరుగా సోల్డర్ చేశాను. ఒక్కసారిగా లాగే కరెంటుకు ఆసరాగా సిమ్ బోర్డు కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. గ్రౌండ్లన్నీ (మైనస్ వైర్లు) ఒకటిగా కలిపాను.

లోపాలూ ఉన్నాయి. వైరు బిగించడానికి స్క్రూలు లేవు, సోల్డరింగ్ తప్పదు. ప్లస్, మైనస్ తారుమారైతే కాపాడేది ఏదీ లేదు. 3 ఆంపియర్లు అని రాసి అమ్ముతారు కానీ, హీట్‌సింక్ లేకుండా ఎప్పుడూ నడిచే లోడ్‌కు నేనైతే 1.5 దాటనివ్వను. ఆన్‌లైన్‌లో తెప్పించిన కొన్నిటి మీద చిప్ అక్షరాలు గోరుతో గీస్తే చెరిగిపోయాయి, అలాంటివి బాయికాడి పెట్టెలో పెట్టను.

వైఫై ఈఎస్‌పీ 32 బోర్డు ఒక్కటే నడిపేవాళ్లకు ఈ మాడ్యూల్ అక్కర్లేదు. మంచి 5 వోల్టుల ఫోన్ చార్జర్, పొట్టి కేబుల్ ఉంటే చాలు.