పసిబిడ్డల పేగు సూక్ష్మజీవులపై ఆహార ప్రభావం: కోహార్ట్ మేలా, ప్రయోగం మేలా?

తొలి రెండేళ్ల ఆహారం బిడ్డ పేగులోని సూక్ష్మజీవుల సముదాయాన్ని ఎలా మలుస్తుందో తేల్చడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి: పిల్లలను పుట్టిన నాటి నుంచి వెన్నంటి గమనించే కోహార్ట్ అధ్యయనం, లాటరీ పద్ధతిలో వర్గాలుగా విడదీసి వేర్వేరు ఆహారమిచ్చే యాదృచ్ఛిక ప్రయోగం.

ఒకే బిడ్డను నెలల తరబడి చూడగలగడం కోహార్ట్ బలం. 2018లో వెలువడిన టెడ్డీ అధ్యయనం 903 మంది పిల్లల మల నమూనాలు పన్నెండు వేలకు పైగా పరీక్షించి, ఈ సముదాయంతో అన్నిటికంటే గట్టి సంబంధం తల్లిపాలకే ఉందని చూపింది. దానిని పెద్దల తరహాకు మళ్లించేది ఘనాహారం మొదలుపెట్టడం కంటే తల్లిపాలు మాన్పించడమేనని 2015లో స్వీడన్ పరిశోధకులు 98 మంది శిశువులను గమనించి చెప్పారు. అయితే తల్లిపాలు తాగే పిల్లలకూ పోతపాలు తాగే పిల్లలకూ మధ్య సిజేరియన్ కాన్పు, యాంటీబయాటిక్ వాడకం, కుటుంబ పరిస్థితులు కూడా వేరుగా ఉండవచ్చు. బిడ్డకు జబ్బు చేయడం వల్లే పాలు మాన్పించి ఉండవచ్చు కూడా. గణాంక సవరణలు ఈ చిక్కును తగ్గిస్తాయే తప్ప పూర్తిగా తీర్చలేవు.

ప్రయోగం ఆ చిక్కును మొదట్లోనే తెంచుతుంది కాబట్టి, వీలున్న ప్రతిచోటా నేను దానివైపే మొగ్గుతాను. తల్లిపాలు వద్దని లాటరీ తీసి చెప్పడం అనైతికమన్న మాట నిజమే. కానీ బెలారస్‌లో ప్రోబిట్ పరిశోధకులు పాలకు బదులు ప్రోత్సాహాన్ని పంచారు: 31 ఆసుపత్రులను రెండుగా విడదీసి, ఒక వర్గంలోనే తల్లిపాలకు ప్రత్యేక తోడ్పాటునిచ్చారు. మూడు నెలల వయసులో కేవలం తల్లిపాలే తాగే పిల్లలు ఆ వర్గంలో 43 శాతం, రెండోదానిలో 6 శాతం. పేగు సూక్ష్మజీవుల పరిశోధనకూ ఈ పద్ధతి ఎంతో అక్కరకొస్తుంది.

అనుబంధ ఆహారం విషయంలోనైతే ఆ అడ్డంకీ లేదు. బంగ్లాదేశ్‌లో పోషకాహార లోపమున్న పిల్లలకు, సూక్ష్మజీవులను దృష్టిలో పెట్టుకుని శనగ, సోయా, వేరుశనగ, అరటితో రూపొందించిన ఆహారమిచ్చినప్పుడు, అంతకంటే ఎక్కువ క్యాలరీలున్న మామూలు పోషకాహారం కన్నా అదే బరువును బాగా పెంచిందని 2021లో తేలింది. ఆ మిశ్రమాన్ని ముందుగా క్రిమిరహిత ఎలుకల్లోనూ పందిపిల్లల్లోనూ వడపోశారు. జంతు ప్రయోగాలకు తగిన స్థానం అదే.

ఏ దారి పట్టినా, నమూనాల పరీక్షకు, బ్యాక్టీరియాలోని ఒకే జన్యువును చదివి వాటి రకాన్ని గుర్తించే 16ఎస్ పద్ధతి ఒక్కటే చాలదు. తల్లిపాలలోని ఒలిగోశాకరైడ్లనే సంక్లిష్ట చక్కెరలను బిడ్డ అరిగించుకోలేదు. వాటిని సమర్థంగా వాడుకునేది బిఫిడోబాక్టీరియం లాంగమ్‌లోని ఇన్‌ఫాంటిస్ ఉపజాతి. దానిని సోదర ఉపజాతి నుంచి నమ్మకంగా వేరుచేయాలంటే మొత్తం డీఎన్ఏను చదివే షాట్‌గన్ మెటాజీనోమిక్స్ కావాలి.