బస్సు వెళ్ళే లంక: శ్రీరంగపట్నం, ఒక్కదాన్నే, ఒక్క రోజు

మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. లంక అంటే నాకు తెలిసింది ఒకటే: ఏటిగట్టు దిగి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పడవెక్కి అవతలికి చేరే చోటు. ఆసుపత్రికైనా అంతే, పెళ్ళికైనా అంతే. బెంగళూరులో మా అమ్మాయి ఇంటికి వచ్చిన మూడో నెలలో, "శ్రీరంగపట్నం కూడా కావేరి మధ్యలో ఉన్న లంకే అమ్మా, బస్సులో పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చెయ్యొచ్చు" అని అదంటే నవ్వొచ్చింది. బస్సు దూసుకుపోయే లంక లంకేమిటి? సరే, చూసొస్తానన్నాను. ఒక్కదాన్నే.

దాంతో ఇంట్లో టెన్షన్ మొదలైంది. అల్లుడు "అత్తయ్యగారూ, క్యాబ్ మాట్లాడతాను, సాయంత్రం దాకా మీతోనే ఉంటాడు" అన్నాడు. ఆ డబ్బుతో నేను మా ఊరు వెళ్ళి రావచ్చు. వద్దన్నాను. లొకేషన్ షేర్ చేస్తానన్న షరతు మీద వదిలారు. నాలాగా అరవై దాటి, మోకాళ్ళు కాస్త సణుగుతూ, ఒంటరిగా వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను ఇది. కుర్రవాళ్ళకి వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి.

బుధవారం పొద్దున్నే వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కాను. ఊదా రంగు లైను, ఎక్కడా మారక్కర్లేదు. దీపాంజలి నగర్‌లో దిగితే మైసూరు రోడ్డు శాటిలైట్ బస్టాండుకి నడిచే వెళ్ళచ్చు. అక్కడ మొదటి పొరపాటు నేనే చేశాను. "మైసూరు, మైసూరు" అని అరుస్తుంటే ఎక్కి కూర్చున్నాను. టికెట్ దగ్గర శ్రీరంగపట్నం అనగానే కండక్టరు "అమ్మా, ఇదు నాన్‌స్టాప్, అల్లి నిల్లల్ల" అని దింపేశాడు, మంచివాడు. 2023లో కొత్త హైవే తెరిచాక చాలా బస్సులు దారిలో ఉన్న ఊళ్ళన్నిటినీ పక్కకి పెట్టి బైపాస్ మీద పోతున్నాయట. కాబట్టి ఎక్కే ముందు అడగాల్సింది "మైసూరుకి వెళ్తుందా" అని కాదు, "శ్రీరంగపట్నం ఊళ్ళో ఆగుతుందా" అని. ఇది మర్చిపోతే లంక దాటిపోయి మైసూరులో తేలతారు. అక్కణ్ణించి వెనక్కి పదిహేను కిలోమీటర్లు.

రెండో బస్సు ఆగుతూ ఆగుతూ వెళ్ళే ఎర్ర బస్సు. కర్ణాటకలో ఆడవాళ్ళకి 2023 జూన్ నుంచి మామూలు బస్సులు ఉచితం. నా పక్కన కూర్చున్న ఇద్దరికీ సున్నా టికెట్ కొట్టాడు. నేనూ గర్వంగా ఆధార్ తీశాను. చూసి తిరిగిచ్చేశాడు. కోనసీమ అడ్రసుకి ఇక్కడ ఫ్రీ లేదు. మన రాష్ట్రంలోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఉచితమే, కానీ ఆ ఉచితం ఆ గట్టున, ఈ ఉచితం ఈ గట్టున. మధ్యలో నాలాంటివాళ్ళు డబ్బులిచ్చుకోవాలి. రెండు వందల లోపే అయిందిలెండి. ఈ మాత్రం దానికి అల్లుడు క్యాబ్ అన్నాడు.

నూట పాతిక కిలోమీటర్లకి మూడు గంటల పైన పట్టింది. కిటికీ పక్క సీటు దొరికితే అది ఎక్కువేమీ కాదు. రామనగర దగ్గర పెద్ద పెద్ద బండలు, చెన్నపట్నం దగ్గర కొయ్యబొమ్మల దుకాణాలు, మద్దూరులో బస్సు ఆగగానే కిటికీలోంచి వడలు. మద్దూరు వడ మన మినప వడలా మెత్తగా ఉండదు. బియ్యప్పిండి, రవ్వ, మైదా, బోలెడు ఉల్లిపాయ. చేత్తో తుంచితే విరుగుతుంది. రెండు కొన్నాను, ఒకటి తిని ఒకటి దాచుకున్నాను. మండ్య దాటాక రెండు పక్కలా చెరుకు, వరి. మా ఊరు గుర్తొచ్చింది, కొబ్బరి కాస్త తక్కువంతే.

ఇక లంక సంగతి. మండ్య వైపు నుంచి వచ్చేటప్పుడు ఊళ్ళోకి రాగానే కావేరి ఉత్తరపు పాయ దాటాలి. నేను మద్దూరు వడ కాగితం మడుస్తున్నాను, తలెత్తేసరికి వంతెన అయిపోయింది. అర నిమిషం కూడా లేదు. "ఇదేనా?" అన్నాను పైకే. పక్కావిడ నవ్వింది. ప్రయాణం మొత్తం మీద నాకు నచ్చనిది ఇదే: లంకలోకి వచ్చామని ఎవరూ చెప్పరు. కోట గోడ కనిపిస్తుంది, మసీదు మినారులు కనిపిస్తాయి, బస్టాండు వస్తుంది, దిగిపోతాం. టూరు బస్సుల్లో వచ్చేవాళ్ళు గుడి, తోట, గోరీ చూసి వెళ్ళిపోతారు. నీళ్ళ మధ్య ఉన్నామని వాళ్ళకి సాయంత్రానికైనా తెలుస్తుందో లేదో. నేను మాత్రం ఏరు వెతుక్కుంటూ తిరగాలని అక్కడే అనుకున్నాను. సుమారు అయిదు కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర వెడల్పు. మా లంకల లెక్కలో పెద్దదేం కాదు.

గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ముందు రంగనాథస్వామి. బస్టాండు నుంచి నడవచ్చు, ఎండ పొడ ఎక్కువ లేకపోతే. 984 నాటి శాసనం ఉన్న గుడి, గంగరాజుల కాలంలో మొదలై హొయసళులు, విజయనగరం వాళ్ళు, మైసూరు వాళ్ళు తలా ఒక చెయ్యి వేసింది. కావేరి లంకల్లో రంగడు మూడు చోట్ల పడుకున్నాడంటారు: ఇక్కడ ఆదిరంగడు, శివనసముద్రంలో మధ్యరంగడు, శ్రీరంగంలో అంత్యరంగడు. అంటే ఏటి మధ్యనే పడుకోవాలని ఆయనకీ ఉందన్నమాట. బుధవారం కాబట్టి ఇరవై నిమిషాల్లో దర్శనం అయింది. లోపల చీకటి, నల్లటి శేషుడి మీద నల్లటి స్వామి. కళ్ళు అలవాటు పడేదాకా తొయ్యకుండా నిలబడనిచ్చారు. ఆ ఒక్కదానికే ఇంకో మార్కు వేస్తాను.

రంగనాయకి అమ్మవారి దగ్గర ముందున్న ఒక పెద్దావిడ అలమేలమ్మ కథ చెప్పింది, సగం కన్నడం, సగం తెలుగు. 1610లో మైసూరు దొర రాజ ఒడెయరు ఈ పట్నాన్ని విజయనగరం వారి ప్రతినిధి చేతిలోంచి తీసుకున్నాడు. ఆ ప్రతినిధి భార్య అలమేలమ్మ. అమ్మవారికి అలంకరించే నగలు ఆవిడ దగ్గర ఉంటే, వాటికోసం మనుషుల్ని పంపారట. ముత్యాల ముక్కుపుడక ఇచ్చేసి, మిగతా నగలు ఒళ్ళో కట్టుకుని తలకాడు దగ్గర కావేరిలో దూకేసింది. తలకాడు ఇసుకలో కూరుకుపోవాలి, మాలంగి మడుగైపోవాలి, మైసూరు దొరలకి పిల్లలు పుట్టకూడదు అని శపించిందట. నిజమో కథో, ఆడదాని నగల జోలికి వెళ్తే ఏమవుతుందో చెప్పడానికి మా ఊళ్ళో కూడా ఇలాంటివి నాలుగున్నాయి.

గుడి దాటి కాస్త లోపలికి వెళ్తే, టిపూ సుల్తాన్ శవం దొరికిన చోట ఒక రాతి పలక ఉంది. 1799 మే 4. అంత పేరున్న మనిషికి అంత చిన్న పలక. చుట్టూ పచ్చగడ్డి, రెండు మేకలు. ఇంకొంచెం ముందుకెళ్ళి బెయిలీ చెరసాల. మెట్లు దిగి లోపలికి వెళ్తే సున్నం కొట్టిన కమాన్లు, గోడల్లో ఖైదీలని కట్టేసిన రాళ్ళు. లోపల చల్లగా ఉంది, ఎందుకంటే ఏరు పక్కనే. బయటికొచ్చి గట్టెక్కితే, అప్పుడు కనిపించింది నాకు ఉత్తరపు పాయ. బండరాళ్ళ మధ్యనుంచి మెల్లగా, తెల్లగా. మా గోదావరిలా నిండుగా, బరువుగా వెళ్ళదు ఈ కావేరి. రాళ్ళ మీద ఆడుకుంటూ పోతుంది. అక్కడ దాచుకున్న వడ తిన్నాను. అరగంట ఎవరూ పిలవలేదు, ఎవరూ "పద పద" అనలేదు. ఒక్కదాన్నే రావడంలో లాభం ఇదే.

భోజనం గుడి దారిలో ఒక చిన్న మెస్సులో. రాగి ముద్ద, బస్సారు, అన్నం, మజ్జిగ, ఎనభై రూపాయలు. ముద్ద నమిలాను. ఎదురుగా కూర్చున్న రైతు చూసి ఉండలేక, "నమలకూడదమ్మా, చారులో ముంచి మింగాలి" అన్నాడు చేత్తో చూపిస్తూ. మింగాను. గొంతు దాటాక బాగానే ఉంది. బస్సారు మాత్రం మన ఇళ్ళల్లో చేసుకోదగ్గది. కూరాకు, పప్పు ఉడికించిన నీళ్ళతోనే చారు, ఆ ఆకుతోనే వేపుడు. ఏదీ పారెయ్యరు.

మధ్యాహ్నం ఆటో. ఇక్కడ జాగ్రత్త. దరియా దౌలత్, గుంబజ్, సంగమం మూడూ తిప్పి మళ్ళీ బస్టాండులో దింపడానికి ఎనిమిది వందలన్నాడు, బేరమాడితే అయిదు వందలకి దిగాడు. ఎక్కాక ప్రతి చోటా "పది నిమిషాలే అమ్మా" అని గడియారం చూపించాడు. చివర్లో వెయిటింగని ఇంకో వంద అడిగాడు. ముందే మాట్లాడుకున్నాం కదా బాబూ అని ఇవ్వలేదు. గొణుక్కున్నాడు. ఎన్ని చోట్లు, ఎంతసేపు అన్నది ఎక్కే ముందే గట్టిగా చెప్పండి. లేదా ఒక్కో చోటుకి ఒక్కో ఆటో మాట్లాడుకోండి, నేను మళ్ళీ వెళ్తే అలాగే చేస్తాను.

దరియా దౌలత్ తోటలో ఉన్న టేకు మేడ. 1784లో టిపూ కట్టించింది. గోడల మీద బొమ్మలకి ఎండ తగలకుండా చుట్టూ తెరలు వేశారు, అందుకని లోపల మసక. కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా చూడండి. పడమటి గోడ మీద 1780 పొల్లిలూరు యుద్ధం ఉంది, కాంచీపురం దగ్గర టిపూ, వాళ్ళ నాన్న హైదరు కలిసి ఇంగ్లీషు కుంఫిణీ సైన్యాన్ని ఓడించింది. అందులో పల్లకీలో ఒక తెల్లదొర కూర్చుని ఉంటాడు. ఆయనే ఆ సైన్యం కర్నలు బెయిలీ. పొద్దున నేను చూసొచ్చిన చెరసాల ఆయన పేరు మీదే. 1782లో ఇక్కడే, ఖైదులోనే పోయాడు. బెయిలీని ముందు చెరసాలలో, తరవాత బొమ్మలో చూడ్డం వల్ల నాకు ఆ పల్లకీ మీద జాలేసింది. మీరు తిరగేసి వెళ్తే ఎలా ఉంటుందో మరి.

గుంబజ్ గురించి రెండు ముక్కలే. హైదరు, ఆయన భార్య, టిపూ ముగ్గురి గోరీలు ఒక్క కప్పు కింద. చుట్టూ నున్నటి నల్లరాతి స్తంభాలు, లోపల గోడలకి పులిచారలు. చెప్పులు విప్పాలి, రాయి కాలుతుంది, సాక్సులు వేసుకెళ్ళండి.

సంగమానికి వచ్చేసరికి మూడున్నర. లంక తోక అది. ఉత్తరపు పాయ, దక్షిణపు పాయ వచ్చి కలుసుకునే చోటు. మెట్లు దిగి మోకాళ్ళ దాకా నీళ్ళల్లో నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. మా గోదారి ధవళేశ్వరం దగ్గర విడిపోతే మళ్ళీ కలవదు. గౌతమి యానాం వైపు, వసిష్ఠ అంతర్వేది వైపు, ఎవరి సముద్రం వాళ్ళది. మా కోనసీమకి ముక్కు ఉంటుంది కానీ ఇలాంటి తోక ఉండదు. ఇక్కడేమో ఎగువన విడిపోయిన ఏరు ఒక పట్నాన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఒకటైపోయింది. ఎడమ పక్క నీళ్ళు గబగబా వస్తున్నాయి, కుడి పక్కవి నిదానంగా. కలిసిన చోట చిన్న చిన్న సుడులు. బస్సులో అర నిమిషంలో దాటేసిన లంక నా కాళ్ళకి అక్కడ తగిలింది.

పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, ఎక్కుదామంటే ఒంటరిగా వచ్చినవాళ్ళకి ఒక తంటా ఉంది. మనిషికి వంద, కానీ ఒక్కరి కోసం కదలదు, మొత్తం పుట్టి డబ్బులు అడుగుతారు. మెట్ల మీద కూర్చుని కాచుకున్నాను. హిందూపురం నుంచి వచ్చిన కుటుంబం ఒకటి తెలుగులో దెబ్బలాడుకుంటూ దిగింది. "అమ్మా, నన్నూ కలుపుకుంటారా" అన్నాను. "రండి పెద్దమ్మా" అని చోటిచ్చారు. లైఫ్ జాకెట్ అడిగి వేయించుకున్నాను, మీరూ అడగండి. ఏటి మధ్యలో పుట్టివాడు గిరగిరా తిప్పబోతే "తిప్పకు నాయనా, మద్దూరు వడ పైకొస్తుంది" అన్నాను. పిల్లలు మాత్రం "తిప్పు తిప్పు" అన్నారు. తిప్పాడు. ఎగువన కన్నంబాడి డ్యాములో నీళ్ళు వదిలిన రోజుల్లో పుట్టిలు ఆపేస్తారట, వర్షాకాలంలో వెళ్ళేవాళ్ళు కనుక్కుని వెళ్ళండి.

అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఆ ఒకటీ ఆటోకీ, శుభ్రమైన మరుగుదొడ్డి కోసం నేను పడ్డ వెతుకులాటకీ. గుడి దగ్గరే పని కానిచ్చుకోండి, తరవాత వెతుక్కోకండి. రంగనతిట్టు పక్షులు, పశ్చిమవాహిని, గంజాం నిమిషాంబ గుడి చూడలేదు. అన్నీ ఒక్క రోజులో కుక్కితే మళ్ళీ టూరు బస్సే అవుతుంది.

అయిదింటికి బెంగళూరు బస్సు దొరికింది. ఈసారి కాగితాలేవీ మడవకుండా కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాను. వంతెన వచ్చింది. దగ్గరలో 1804లో దివాను పూర్ణయ్య కట్టించిన పాత రాతి వంతెన కూడా ఉంది, అప్పటి కుంఫిణీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీ పేరు పెట్టాడు దానికి. టిపూ దగ్గరా పని చేసి, టిపూ పోయాక కొత్త రాజు దగ్గరా దివానుగిరీ చేసినాయన. అలాంటివాళ్ళ వంతెనలే గట్టిగా ఉంటాయేమో.

మండ్య దాటాక మా వారు ఊరి నుంచి ఫోన్ చేశారు. గుడి గురించి అడగలేదు, టిపూ గురించి అడగలేదు.

"నీళ్ళు ఎర్రగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా?" అన్నారు.

"తేటగానే ఉన్నాయి, అడుగున రాళ్ళు కనిపించాయి" అన్నాను. చీర అంచు ఇంకా తడిగానే ఉంది.