మామిడా, పనసా, సీతాఫలమా? ఇంటిల్లిపాదీ కూర్చుని తినడానికి ఏది మేలు?

రుచి సంగతి పక్కన పెడదాం, ఆ వాదన మొదలైతే ఇంట్లో ఎవరూ తగ్గరు. నేను చూసేది వేరు. పండు తినేటప్పుడు అందరూ ఒక్కచోట కూర్చుంటున్నారా, లేకపోతే ఒక మనిషి వంటింట్లో నిలబడి కోస్తుంటే మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటూ ప్లేటు కోసం చెయ్యి చాపుతున్నారా? ఇలా చూస్తే లెక్క మొత్తం మారిపోతుంది.

ముందు మామిడి. ముక్కలు కోసి పెట్టడం మొదలెడితే కోసేవాళ్ళకి చివరికి మిగిలేది టెంకే. చాలా ఇళ్ళల్లో అమ్మ "నాకు టెంకే ఇష్టం" అంటుంది, నేనైతే నమ్మను. అందుకే ఇంట్లో నలుగురు ఉన్నప్పుడు నా ఓటు ముక్కలకి కాదు, చీకే పండుకే. మెత్తగా ఉన్న పండుని అరచేతుల మధ్య పెట్టి, తొక్క చిట్లకుండా నెమ్మదిగా చుట్టూ పిసుక్కుంటూ వస్తే లోపలంతా రసం అవుతుంది, అప్పుడు కాడ దగ్గర కొంచెం తుంచేసి చీక్కోవడమే. ఎవరి పండు వాళ్ళది, కత్తి లేదు ప్లేటు లేదు, బట్టల మీద మరకలు పడతాయి అంతే. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, కాడ దగ్గర కారే సొన పెదాలకి తగిలితే మండుతుంది, కొందరికి దద్దుర్లు కూడా వస్తాయి (జీడిమామిడిదీ ఇదీ ఒకే కుటుంబం మరి), కాబట్టి కాసేపు నీళ్ళలో వేసి బాగా కడిగి, మొదటి రెండు చుక్కలు పిండి పారేశాకే నోట్లో పెట్టుకోవాలి.

మామిడితో వచ్చే చిక్కు ఏంటంటే అన్నీ ఒకేసారి పండుతాయి. ఒక పండు నుంచి వచ్చే ఎథిలీన్ గ్యాస్ పక్కదాన్ని కూడా పండించేస్తుంది, ఇవాళ గట్టిగా ఉన్న డబ్బా ఎల్లుండికి మొత్తం మెత్తబడిపోతుంది, ఇక తినలేక చావాలి. అలాగని పచ్చిగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో తోసేస్తే సరిగ్గా పండవు, తొక్క మీద మచ్చలొస్తాయి, రుచీ ఉండదు. గట్టివి బయటే విడివిడిగా పెట్టి, పండినవాటిని మాత్రమే ఫ్రిజ్‌లోకి మార్చుకోవాలి.

ఇప్పుడు పనస. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో కాయ మొత్తం తేవడం దండగ, ఎంత తిన్నా తరగదు, పైగా మూత సరిగ్గా పెట్టకపోతే ఫ్రిజ్‌లో పాలు కూడా పనస వాసనే. కానీ ఇల్లు నిండా జనం ఉన్న రోజు చూడండి, దీన్ని మించింది లేదు, ఎందుకంటే ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదిది. నేల మీద పాత పేపర్లు పరిచి, కత్తికీ చేతులకీ నూనె పట్టించి ఒకళ్ళు చీలుస్తారు, మధ్యలో ఉండే బొండుని ముందే కోసి తీసేస్తే సగం జిగురు దానితోనే పోతుంది, ఇంకొకళ్ళు పీచు విడదీసి తొనలు లాగుతారు, పిల్లలు గింజలు తీస్తారు, గింజ తీసిన తొనల్లో సగం గిన్నెలోకి కాకుండా వాళ్ళ నోట్లోకే పోతాయనుకోండి. నూనె రాసుకోకుండా చెయ్యి పెట్టినవాడికి ఆ జిగురు పాలు వేళ్ళకి పట్టేసి నీళ్ళతో కడిగినా వదలవు, మళ్ళీ నూనెతోనే రుద్దుకోవాలి. పది కిలోల కాయ మోసుకొస్తే తినే తొనలు మూడు మూడున్నర కిలోలు వస్తే గొప్ప. గింజలు పారేయకండి, ఉడకబెట్టి ఉప్పేసుకుంటే అదో రకం రుచి, పచ్చివి మాత్రం తినకూడదు.

సీతాఫలం కథ పూర్తిగా వేరు. కళ్ళు విచ్చుకుని నొక్కితే మెత్తగా తగిలిందంటే ఇక కత్తితో పనే లేదు, చేత్తో రెండు చెక్కలు చేసి ఎవరిది వాళ్ళు తినడమే. గింజలు ఉమ్ముకుంటూ తినాలి కాబట్టి త్వరగా అవ్వదు, కబుర్లు వాటంతట అవే సాగుతాయి. పళ్ళు లేని పెద్దవాళ్ళకి ఇది బంగారం. చిన్న పిల్లల దగ్గర మాత్రం ఎవరో ఒకళ్ళు కూర్చుని గింజలు తీసి పెట్టాల్సిందే, గొంతుకి అడ్డం పడే భయం ఒకటి, ఆ గింజల్లో విషం ఉంటుంది కాబట్టి కొరకనివ్వకూడదు, ఆ గింజల పొడి కళ్ళల్లో పడినా ప్రమాదమే.

అనాస, బొప్పాయి కూడా ఉన్నాయి కదా అంటారేమో. అనాస కోత మొత్తం ఒక్కళ్ళ మీదే పడుతుంది, చెట్టు నుంచి కోశాక తీపి పెరగదు, పుల్లగా వస్తే పుల్లగానే తినాలి. బొప్పాయి రోజువారీ పండు, దాని కోసం ఎవరూ చుట్టూ చేరరు. కానీ షుగర్ ఉన్నవాళ్ళకి కొంచెం ఊరట దానితోనే: 100 గ్రాముల బొప్పాయిలో సుమారు 43 కేలరీలుంటే మామిడిలో 60, సీతాఫలంలోనూ పనసలోనూ 95 దాకా ఉంటాయి. అలా అని షుగర్ ఉన్నాయన ముందు ఖాళీ ప్లేటు పెట్టి మిగతావాళ్ళు పనస తినడం న్యాయం కాదు, రెండు తొనలు ఇచ్చి మిగతాది బొప్పాయితో సర్దండి. జ్యూస్ జోలికి మాత్రం పోవద్దు, ఎన్ని పళ్ళ తీపి తాగుతున్నామో తెలీకుండానే గ్లాసు ఖాళీ అవుతుంది.

సో నా లెక్క ఇది: ఇంటికి చుట్టాలొచ్చి పదిమంది ఉంటే పనస, నలుగురే అయితే చీకే మామిడి, పెద్దవాళ్ళతో తీరిగ్గా కూర్చునే సాయంత్రమైతే సీతాఫలం. ముక్కలే కావాలని పట్టుబట్టేవాళ్ళుంటే కత్తి వాళ్ళ చేతికే ఇచ్చేయండి. పనస కోసే రోజు మాత్రం రాత్రికి వంట సగం తగ్గించండి, తొనలతో కడుపు నిండాక అన్నం దగ్గరికి ఎవరూ రారు.